ఆయిల్ బాయిలర్ నుంచి గాలి కరెంటుకు: ముందు తగ్గాల్సింది నీళ్ల వేడి

నూనె కాల్చి రేడియేటర్లకు (గదుల్లో వేడి వదిలే ఇనుప పలకలకు) వేడినీళ్లు పంపే ఆయిల్ బాయిలర్ తీసేసి, గాలి కరెంటుతో ఇల్లు వెచ్చగా ఉంచుకుందామనుకునేవాళ్లు చాలామంది మొదట గాలిమర సైజు గురించే వెతుకుతారు. అది చివర్లో తేలే లెక్క. గడ్డకట్టే చలి రోజున రేడియేటర్లలోకి ఎన్ని డిగ్రీల నీళ్లు పంపితే ఇల్లు వెచ్చబడుతుందో ముందు తేలాలి. 70 డిగ్రీలు కావాల్సిన ఇంటికీ, 45తో సరిపెట్టుకునే ఇంటికీ చాలా తేడా ఉంటుంది. కరెంటు ఖర్చు, బాయిలర్ బదులు పెట్టే హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని కరెంటుతో లాగి ఇంటి నీళ్లకు ఎక్కించే యంత్రం) సైజు, గాలి పడిపోయిన రోజుల్లో పడే ఇబ్బంది, అన్నీ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంటాయి.

ఇంటికి ఎంత వేడి కావాలి

ఆయిల్‌ను యూనిట్లలోకి, అంటే కిలోవాట్-గంటల్లోకి, మార్చుకోవడం తేలికే. లీటరు హీటింగ్ ఆయిల్‌లో సుమారు 10 యూనిట్ల వేడి ఉంటుంది. పాత బాయిలర్‌లో అందులో 8 యూనిట్లు ఇంట్లోకి వస్తే మంచిదే, మిగతాది పొగగొట్టం పాలు. ఏడాదికి 2000 లీటర్లు కాల్చే ఇంటికి నిజంగా అందేది 16,000 యూనిట్ల వేడి అన్నమాట. స్నానాలకు, వంటింటికి వేడినీళ్లు కూడా అదే బాయిలర్ ఇస్తుంటే మనిషికి రోజుకు 2 యూనిట్ల చొప్పున తీసేయండి. నలుగురున్న ఇంట్లో అది ఏడాదికి 3000 యూనిట్ల దాకా అవుతుంది. గదులు వేడెక్కించడానికి మిగిలేది 13,000.

ఇక అత్యంత చలి రోజున ఒక్క గంటలో ఎంత వేడి కావాలో చూడాలి. బాయిలర్ మీద అంటించిన రేకులో ఉన్న అంకెను మాత్రం నమ్మకండి. 22, 25 కిలోవాట్లని రాసి ఉన్న బాయిలర్లు 7 కిలోవాట్లు చాలే ఇళ్లలో ఎన్నో ఉన్నాయి. ఆయిల్ బాయిలర్ అవసరానికి మించి పెద్దదైనా ఆగుతూ వెలుగుతూ నెట్టుకొస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. హీట్ పంప్ విషయంలో ఆ పొరపాటు చెల్లదు.

నమ్మదగిన లెక్క బర్నర్ నాజిల్ (మంటలోకి ఆయిల్ చిమ్మే మూతి) దగ్గర దొరుకుతుంది. నాజిల్ మీద 0.60 అని ఉంటే, 7 బార్ ఒత్తిడి దగ్గర గంటకు 0.60 అమెరికన్ గ్యాలన్లు, అంటే 2.27 లీటర్లు చిమ్ముతుందని అర్థం. పంపు ఒత్తిడిని 10 బార్‌కు పెట్టి ఉంటే ఆ ప్రవాహం దాదాపు 1.2 రెట్లై, గంటకు 2.7 లీటర్లు పోతుంది. బాగా చలిగా ఉన్న ఒక రోజు మొత్తం మీద బర్నర్ ఎన్ని గంటలు మండిందో గంటల మీటర్‌లో చూడండి. 8 గంటలు మండితే సుమారు 22 లీటర్లు కాలినట్టు. అంటే 220 యూనిట్లు, అందులో ఇంటికి అందినవి 175. స్నానాల నీళ్లకు 8 తీసేసి 24తో భాగిస్తే 7 కిలోవాట్లు వస్తుంది. ఆ ఇంటికి కావాల్సింది 7 కిలోవాట్ల హీట్ పంపే, 22ది కాదు.

అటక మీద ఇన్సులేషన్, కిటికీ సందులు, తలుపు కింద గాలి దూరే చోట్లు సరిచేసే ఆలోచన ఉంటే ఈ కొలతకు ముందే చేయించండి. తర్వాత చేయిస్తే కొన్న హీట్ పంప్ పెద్దదైపోతుంది. గాలి కరెంటు మీద ఆధారపడే ఇంటికి సందులు మూయడం మరీ ముఖ్యం. గాలిమర బాగా తిరిగే రోజునే ఆ సందుల్లోంచి వేడి కూడా ఎక్కువగా పోతుంది.

55 డిగ్రీల పరీక్ష

రేడియేటర్ల సామర్థ్యాన్ని కంపెనీలు 75 డిగ్రీల నీళ్లు లోపలికి వెళ్లి 65తో తిరిగొచ్చేట్టు, గది 20 డిగ్రీలు ఉండేట్టు అనుకుని రాస్తాయి. అప్పుడు నీటి సగటుకూ గదికీ తేడా 50 డిగ్రీలు. నీళ్లు 55తో వెళ్లి 45తో వస్తే ఆ తేడా 30కి పడిపోతుంది, రేడియేటర్ ఇచ్చే వేడి రాసినదాంట్లో 51 శాతమే ఉంటుంది. తేడా 20 డిగ్రీలే అయితే 30 శాతం. ఈ అంకెలు చూసి రేడియేటర్లన్నీ మార్చాలేమోనని కంగారుపడక్కర్లేదు. పాత ఇళ్లలో రేడియేటర్లను అవసరానికి మించి పెద్దవి పెట్టడం మామూలే. పైగా తర్వాత కిటికీలు మార్చి, ఇన్సులేషన్ వేసి ఉంటారు కూడా.

ఉన్న బాయిలర్‌తోనే పరీక్షించుకోవచ్చు. చలి తీవ్రంగా ఉన్న రెండు మూడు రోజులు చూసి, బాయిలర్ నుంచి వెళ్లే నీళ్ల వేడిని 55కి తగ్గించండి. రేడియేటర్ వాల్వులన్నీ పూర్తిగా తెరవండి. రాత్రి వేడి తగ్గించే టైమర్ ఆపేసి, ఇరవై నాలుగు గంటలూ నడవనివ్వండి. గదిగదికీ ఒక థర్మామీటర్ పెట్టండి. అన్ని గదులూ 20 దగ్గర నిలిస్తే ఆ ఇల్లు హీట్ పంప్‌కు సిద్ధంగా ఉన్నట్టే. 50తో కూడా చూడాలనిపిస్తుంది, కానీ ఇక్కడ జాగ్రత్త. మామూలు ఆయిల్ బాయిలర్‌లోకి తిరిగొచ్చే నీళ్లు 47 డిగ్రీల కంటే చల్లగా ఉంటే పొగలోని ఆవిరి లోపలి ఇనుము మీద నీరుగా దిగుతుంది. ఆయిల్‌లోని గంధకం దానితో కలిసి ఆమ్లమై బాయిలర్‌నీ పొగగొట్టాన్నీ తినేస్తుంది. పరీక్ష రెండు మూడు రోజులకు మించకూడదు. తీసేయబోయే బాయిలరే కదా అని చలికాలమంతా అలా నడిపితే కొత్తది బిగించకముందే అది చిల్లుపడొచ్చు.

ఒకటి రెండు గదులు మాత్రమే చల్లగా ఉంటే ఆ గదుల్లో రేడియేటర్ మార్చండి, అంతే. ఒక పలక ఉన్నదాని చోట రెండు పలకలది, రెండు ఉన్నచోట మూడు పలకలది పెడితే గోడ మీద అదే పొడవులో సరిపోతుంది. ఒక్క గది కోసం ఇంటి మొత్తానికి 60 డిగ్రీల నీళ్లు పంపడం మాత్రం కరెంటును పారబోయడమే. వెళ్లే నీళ్ల వేడి ఒక్క డిగ్రీ పెరిగితే హీట్ పంప్ సామర్థ్యం సుమారు 2 నుంచి 2.5 శాతం తగ్గుతుంది. 55 నుంచి 45కి దించగలిగితే కరెంటులో ఐదో వంతు మిగులుతుంది. గాలిమర రెక్కలు పెంచడం కంటే, టవర్ ఎత్తు పెంచడం కంటే ఇది చవక.

గొట్టాలు, నీటి ప్రవాహం

చాలా చోట్ల పని చెడేది ఇక్కడే. ఆయిల్ బాయిలర్ వెళ్లే నీటికీ వచ్చే నీటికీ 20 డిగ్రీల తేడాతో నడిచేది. 8 కిలోవాట్ల వేడి మోయడానికి గంటకు 345 లీటర్లు చాలు. హీట్ పంప్ 5 డిగ్రీల తేడాతో నడుస్తుంది. అదే వేడికి గంటకు 1375 లీటర్లు, నాలుగు రెట్లు కావాలి. 22 మి.మీ. రాగి గొట్టంలో ఆ ప్రవాహం సెకనుకు 1.2 మీటర్ల వేగం అందుకుంటుంది, గొట్టం ఈలవేసినట్టు మోగుతుంది, నీళ్లు తిప్పే సర్క్యులేటర్ పంపు దాన్ని నెట్టడానికే అలిసిపోతుంది. 28 మి.మీ. గొట్టంలో అది 0.7 మీటర్లకు తగ్గుతుంది. కాబట్టి హీట్ పంప్ నుంచి మొదటి చీలిక దాకా ఉండే ప్రధాన గొట్టం 28కి తగ్గకూడదు. అక్కడి నుంచి రేడియేటర్లకు పోయే సన్న గొట్టాలను చాలా వరకు అలాగే ఉంచొచ్చు.

పాత రేడియేటర్ల అడుగున నల్లటి బురద ఉంటుంది. అది ఇనుము తుప్పు పొడి, అయస్కాంతానికి అంటుకుంటుంది. పాత బాయిలర్ దాన్ని ఓర్చుకునేది, హీట్ పంప్‌లో నీళ్లకు వేడి అందించే పలకల హీట్ ఎక్స్‌ఛేంజర్ ఓర్చుకోదు. పాత బాయిలర్ ఇంకా ఉండగానే వ్యవస్థను నీళ్లతో కడిగించండి. తిరిగొచ్చే గొట్టం మీద అయస్కాంతపు ఫిల్టర్, దానికి ముందూ వెనుకా వాల్వులు పెట్టించండి. మొదటి నెలలో ఫిల్టర్‌ను వారానికోసారి శుభ్రం చేయాల్సి రావచ్చు. "ప్రవాహం తక్కువ" అనే ఎర్రర్ వచ్చినప్పుడు పంపును విప్పే ముందు ఫిల్టర్, జాలీ చూడండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

బయటి యూనిట్ మీద మంచు పేరుకున్నప్పుడు హీట్ పంప్ కాసేపు వ్యతిరేక దిశలో నడిచి, ఇంట్లోని నీళ్ల వేడితోనే ఆ మంచు కరిగిస్తుంది. అప్పుడు వ్యవస్థలో తగినంత వెచ్చని నీళ్లు తిరుగుతూ ఉండాలి. అన్ని రేడియేటర్లకూ గది వేడెక్కగానే మూసుకునే థర్మోస్టాట్ వాల్వులు బిగించి, అన్నీ ఒకేసారి మూసుకుపోతే తిరిగే నీళ్లే ఉండవు. మంచు సగమే కరుగుతుంది, తర్వాతిసారి ఇంకా మందంగా పడుతుంది, చివరికి యూనిట్ మంచుగడ్డై ఆగిపోతుంది. రెండు మూడు పెద్ద రేడియేటర్లకు వాల్వ్ తలలు తీసేసి ఎప్పుడూ తెరిచి ఉంచడం దీనికి చవకైన మందు. లేదంటే తిరిగొచ్చే గొట్టం మీద వరుసగా ఒక చిన్న బఫర్ ట్యాంకు (వెచ్చని నీళ్ల నిల్వ) పెట్టాలి. కరిగిన నీళ్లు ఒక్కోసారి లీటర్ల కొద్దీ వస్తాయి. అవి నడిచే దారి మీదికి పారితే పొద్దున్నకి గాజులా గడ్డకడతాయి. యూనిట్ కింద కంకర గుంట తవ్వించి, యూనిట్‌ను నేలకు కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తులో బిగించండి.

గాలి కరెంటు ఎక్కడి నుంచి

ఇంతవరకూ సరిగ్గా చేస్తే 16,000 యూనిట్ల వేడికి ఏడాదికి 5300 యూనిట్ల కరెంటు చాలు, హీట్ పంప్ తీసుకున్న కరెంటుకు సగటున మూడు రెట్ల వేడి ఇస్తుందనుకుంటే. మామూలు హీటర్లతో అయితే 16,000 యూనిట్లూ కరెంటుగానే కావాలి.

ఆ 5300 యూనిట్లను సొంత గాలిమర నుంచి తీసుకోవాలంటే ఎంత పెద్దది కావాలి? గాలిలోని శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది, వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. ఎంత మంచి రెక్కలైనా అందులో 59.3 శాతానికి మించి పట్టలేవు. 1919లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ తేల్చిన హద్దు అది. చిన్న గాలిమరలు ఏడాది మొత్తం మీద 20 నుంచి 25 శాతం పడితే బాగా పనిచేస్తున్నట్టే. సగటు గాలి సెకనుకు 5 మీటర్లున్న చోట, 3 మీటర్ల వ్యాసం ఉన్న గాలిమర ఏడాదికి 2000 యూనిట్ల దగ్గర ఇస్తుంది. 5300 కావాలంటే వ్యాసం 5 మీటర్లకు పెరగాలి. సగటు 4 మీటర్లే ఉంటే రాబడి సగానికి పడిపోతుంది. అందుకే మెషీన్ మీద రాసిన కిలోవాట్లు చూడకండి, అవి 11, 12 మీటర్ల గాలిలో వచ్చే అంకెలు. రెక్కలు గీసే వృత్తం వ్యాసమూ, మీ స్థలంలో టవర్ ఎత్తున ఏడాదిపాటు కొలిచిన గాలి వేగమూ, ఈ రెండే చూడండి.

టవర్ దగ్గర పొదుపు పనికిరాదు. 150 మీటర్ల చుట్టుపక్కల ఉన్న ఎత్తైన చెట్టు కంటే, కప్పు కంటే రెక్కల అడుగు అంచు 10 మీటర్లు పైన ఉండాలి. ఇంటి వెనుక గాలి ఇంటి ఎత్తుకు 20 రెట్ల దూరం దాకా సుడి తిరుగుతూనే ఉంటుంది. బయలు ప్రదేశంలో కూడా 10 మీటర్ల ఎత్తు నుంచి 30కి వెళ్తే వేగం 17 శాతం పెరుగుతుంది, శక్తి 60 శాతం పెరుగుతుంది. ఇంటి కప్పు మీద బిగించే గాలిమరల జోలికి వెళ్లొద్దు. అక్కడ ఉండేది సుడిగాలే, పైగా ఆ అదురు గోడల్లోంచి పడకగదిలోకి వస్తుంది.

గాలిమరను నేరుగా నీళ్ల హీటర్లకు కలపొచ్చు కదా, గ్రిడ్ ఎందుకు అనే ఆలోచన పాతదే. 1970ల్లో అమెరికాలోని అమ్హర్స్ట్‌లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం హెరోనిమస్ బృందం 25 కిలోవాట్ల గాలిమరతో నీళ్లు వేడిచేసి ఒక ఇంటిని వెచ్చగా ఉంచే వ్యవస్థను కట్టింది. ఇన్వర్టర్ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, వోల్టేజ్ ఎటు ఊగినా హీటర్‌కు పట్టింపు లేదు. ఇప్పటికీ అది పనిచేసే ఆలోచనే, కానీ మూడు చోట్ల దెబ్బతింటారు. మొదటిది, ఒకే హీటర్ ఎలిమెంట్ కలపడం. రెక్కలు ఇవ్వగలిగే శక్తి తిరిగే వేగానికి ఘనంగా పెరుగుతుంది, ఎలిమెంట్ లాగే శక్తి వర్గంగానే పెరుగుతుంది. ఫలితంగా చిన్న గాలిలో ఎలిమెంట్ రెక్కలను తిరగనివ్వదు, పెద్ద గాలిలో చాలినంత పట్టి ఆపదు. 3 కిలోవాట్లది ఒక్కటి కాకుండా 500 వాట్లవి ఆరు పెట్టి, వేగం పెరిగేకొద్దీ ఒక్కొక్కటిగా కలిపే కంట్రోలర్ వాడాలి.

రెండోది, ట్యాంకు పూర్తిగా వేడెక్కగానే థర్మోస్టాట్ కరెంటు తెంచేయడం. మామూలు గీజర్‌లో అది భద్రత, ఇక్కడ అది ప్రమాదం. భారం పోయిన గాలిమర అదుపు తప్పి వేగం పుంజుకుంటుంది, రెక్కలు విరిగి పడేది అలాంటప్పుడే. థర్మోస్టాట్ ఎప్పుడూ భారాన్ని తెంచకూడదు, బయట గాలిలో పెట్టిన ఇంకో హీటర్ల గుంపుకు మళ్లించాలి. ఆ గుంపు గాలిమర పూర్తి సామర్థ్యాన్ని ఒంటరిగా మోయగలగాలి. గాలిమర జనరేటర్ మూడు ఫేజులను కలిపేసి ఆపే బ్రేక్ స్విచ్ ఉన్నా, తుఫాను గాలిలో దాని మీద భరోసా పెట్టుకోవద్దు. జనరేటర్ తీగ చుట్టలు కాలిపోతాయి, రెక్కలు ఆగవు. గాలి పెరగకముందే ఆపాలి. ట్యాంకు మీద వేడికీ ఒత్తిడికీ తెరుచుకునే సేఫ్టీ వాల్వ్, దాని నీళ్లు సురక్షితంగా పోయే గొట్టం లేకుండా మొదటి రోజు కూడా నడపకండి.

మూడోది, గాలిమర కరెంటును డీసీగా మార్చి తెచ్చే చోట ఏసీ సామాను వాడటం. 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకు వందసార్లు సున్నాకు పడిపోతుంది కాబట్టి స్విచ్ తెరుచుకోగానే నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీలో ఆ సున్నా రాదు, రవ్వ నిలబడి కాంటాక్టులను అతికించేస్తుంది. రిలే, ఫ్యూజు, స్విచ్ మూడూ ఆ వోల్టేజ్ దగ్గర డీసీకి పనికొస్తాయని రాసి ఉన్నవే కొనాలి. దూరం కూడా చూసుకోండి. 48 వోల్టుల దగ్గర 2 కిలోవాట్లను 60 మీటర్లు తేవడానికి 16 చదరపు మి.మీ. రాగి తీగ వేసినా 11 శాతానికి పైగా తీగలోనే కాలిపోతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 5 మీటర్ల సగటు గాలి, పెద్ద బయలు, 25 మీటర్ల టవర్‌కు అనుమతి, ఏటా టవర్ దించి బోల్టులు, తీగల బిగువు, తోక కీలు చూసుకునే ఓపిక, ఇవన్నీ ఉన్నవాళ్లకే సొంత గాలిమర. మిగతావాళ్లు గ్రిడ్ నుంచి పెద్ద గాలిమరల కరెంటు తీసుకోవడమే మేలు. గాలి కరెంటు ప్లాన్ కొన్నంత మాత్రాన మీ తీగలోకి గాలి కరెంటే ప్రత్యేకంగా రాదు, గ్రిడ్‌లో అన్నీ కలిసే ఉంటాయి. గాలి ఎక్కువున్న గంటల్లో వాడి, లేని గంటల్లో తగ్గించుకుంటేనే నిజంగా తేడా పడుతుంది. గంటగంటకూ ధర మారే టారిఫ్ ఉన్నచోట గాలి బలంగా వీచే గంటలు సాధారణంగా చవకగా ఉంటాయి. చాలా హీట్ పంపులకు ఎస్‌జీ రెడీ (స్మార్ట్ గ్రిడ్‌కు సిద్ధం) అనే, బయటి నుంచి ఆదేశం అందుకునే రెండు కాంటాక్టులుంటాయి. వాటి నాలుగు కలయికలతో పంపును ఆపొచ్చు, మామూలుగా నడపొచ్చు, కాస్త ఎక్కువ నడవమనొచ్చు, పూర్తి బలంతో నడిపించొచ్చు.

వేడిని దాచడం

ఆ చవక గంటల వేడిని ఎక్కడ దాచాలి? వెయ్యి లీటర్ల నీళ్లను 30 డిగ్రీలు పెంచితే 35 యూనిట్లు దాగుతాయి. 7 కిలోవాట్లు లాగే ఇంటికి అది అయిదు గంటలు. ఈ లెక్క ముందే గుండెల్లో పెట్టుకోవాలి. చలికాలంలో గట్టి చలి తరచుగా గాలి నిలిచిపోయిన రోజుల్లోనే వస్తుంది. అలాంటి రెండు రోజులకు 336 యూనిట్ల వేడి కావాలి, ఏ ట్యాంకూ అంత మోయదు. ట్యాంకు గంటల సమస్య తీరుస్తుంది, రోజుల సమస్యకు గ్రిడ్ కనెక్షన్ ఉండాల్సిందే, లేదా కట్టెల పొయ్యి లాంటిది ఉండాలి.

హీట్ పంప్‌తో ట్యాంకును 60 దాకా వేడిచేసి దాచడం కూడా మోసమే, సామర్థ్యం పడిపోయి చవక కరెంటు లాభం అక్కడే పోతుంది. నేల కింద గొట్టాలున్న ఇల్లైతే నేలలోనే దాచండి. 100 చదరపు మీటర్ల ఇంట్లో 5 సెంటీమీటర్ల కాంక్రీటు పొర ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 3 యూనిట్లు దాచుకుంటుంది, నీళ్ల వేడి 35 దాటక్కర్లేదు. హీట్ పంప్ పెట్టలేని చోట ఇటుకల స్టోరేజ్ హీటర్లు ఉన్నాయి. వాటిలో ఇటుకలు 600 డిగ్రీల పైదాకా కాగి, గంటల తరబడి వేడి వదులుతాయి. కరెంటు మూడు రెట్లు తింటాయి కనుక గాలి కరెంటు బాగా చవకైన చోటే వాటికి అర్థం.

హీట్ పంప్ లోపల 6, 9 కిలోవాట్ల హీటర్ ఒకటి దాగి ఉంటుందని మర్చిపోవద్దు. ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో అది చిన్న చలికే కలిసిపోతుంది, మొదటి బిల్లు చూసి జనం హీట్ పంప్‌నే తిడతారు. బయట ఏ డిగ్రీ కంటే కిందికి దిగితే అది కలవాలో మెనూలో మీరే పెట్టండి, దాని యూనిట్లు విడిగా కనిపించేలా చూసుకోండి. 9 కిలోవాట్ల హీటర్ 230 వోల్టుల ఒక్క ఫేజ్ మీద 39 ఆంపియర్లు లాగుతుంది, మూడు ఫేజులైతే ఫేజుకు 13. మెయిన్ ఫ్యూజు ఎంతో, కొత్త లైను వేయాలో లేదో ఆర్డర్ ఇవ్వకముందే ఎలక్ట్రీషియన్‌తో తేల్చుకోండి.

పాత బాయిలర్, ట్యాంకు

ఒక చలికాలం ఆయిల్ బాయిలర్‌ను తోడుగా ఉంచాలనుకుంటే తప్పులేదు. కానీ రెంటి మధ్య వెనక్కి పోనివ్వని వాల్వ్ ఉండాలి. లేకపోతే హీట్ పంప్ వేడిచేసిన నీళ్లు ఆరిపోయిన బాయిలర్‌లోంచి తిరుగుతూ పొగగొట్టాన్ని వేడి చేస్తాయి. బాయిలర్ తీసేశాక నేలమాళిగ చల్లబడుతుంది. ఇన్నాళ్లూ దాన్ని వెచ్చగా ఉంచింది బాయిలర్ పారబోసిన వేడే. అక్కడున్న నీళ్ల గొట్టాలకు ఇన్సులేషన్ తొడగండి, లేదంటే మొదటి గట్టి చలికే పగులుతాయి. మంట మండే వస్తువు ఇంకేదీ అక్కడ లేకపోతే మంటకు గాలి కోసం పెట్టిన రంధ్రం మూసేయండి. పొగగొట్టం పైన వాన పడకుండా మూత వేసి, లోపల కాస్త గాలి ఆడనివ్వండి.

ఆయిల్ ట్యాంకును అనుమతి ఉన్నవాళ్లతోనే ఖాళీ చేయించి, అడుగు బురద తీయించి, ఆవిరి పోగొట్టించండి. భూమిలో పాతిన ట్యాంకైతే తవ్వి తీయాలా, లోపల ఇసుక నింపి వదిలేయొచ్చా అన్నది స్థానిక నిబంధనను బట్టి ఉంటుంది, కాగితం మాత్రం తీసుకోండి. ట్యాంకు తీసేసిన రోజునే బయటి గోడలో ఉన్న ఆయిల్ నింపే గొట్టాన్ని కూడా పూర్తిగా పీకించి, రంధ్రాన్ని సిమెంటుతో పూడ్పించండి. మూత బిగించి వదిలేయడం చాలదు. ట్యాంకర్ డ్రైవర్ ఇల్లు పొరబడి ఆ గొట్టానికి పైపు తగిలిస్తే వందల లీటర్ల ఆయిల్ నేరుగా నేలమాళిగలోకి దిగుతుంది, దాన్ని కడిగించే ఖర్చు కొత్త హీటింగ్ ఖర్చును మించుతుంది. ఆయిల్ సరఫరా కంపెనీతో ఆటోమేటిక్ డెలివరీ ఒప్పందం ఉంటే దాన్ని రాతపూర్వకంగా రద్దు చేయించి, రద్దు చేసినట్టు వాళ్ల జవాబు వచ్చేదాకా వదలకండి.